తాలు ఏరిన మాస్టారు

అద్దంకి వెళ్లే రోడ్డు పక్క కల్లంలో ఆ మధ్యాహ్నం ఉన్నవాళ్లు: రైతు, ఆయన భార్య, కాయలు ఏరడానికి వచ్చిన కూలీ ఆడవాళ్లు నలుగురు, రోడ్డు మీద బండి ఆపుకుని నిలబడ్డ నేను. ఉన్నవి: నడుమెత్తు మిరప రాశులు మూడు, గోతాల కట్ట, నీళ్ల క్యాను, రెండు గొడుగులు, పడమటి నుంచి ఎక్కుతున్న మబ్బు. రాశుల మీద కప్పుతున్న పాత ఫ్లెక్సీలు నాలుగు. మొదటిదాని మీద ఒక ఎన్నికల అభ్యర్థి చేతులు జోడించి ఉన్నాడు. రెండోదాని మీద కోచింగ్ సెంటర్లో ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు. మూడోది ఎవరిదో చెవులు కుట్టిన పండగ. నాలుగోది గాలికి లేస్తుంటే రైతు కాలితో తొక్కిపట్టాడు. ఆ కాలు ఒక బ్యాండు మాస్టారి గడ్డం మీద పడింది.

ఆ ఫ్లెక్సీలో ఫోటో తీసింది నేనే.

"ఏంది అబ్బాయ్, అట్టా చూస్తన్నావ్? తెలిసినాయనా?" అన్నాడు రైతు.

"తెలుసండి. బ్యాండు మాస్టారు."

"పోయాడంటగా. వినుకొండలో పాత ఫ్లెక్సీలు అమ్మే కొట్టాయన చెప్పాడు. ఇది మాత్రం మందం బాగుంది. చుక్క దిగదు."

ఆయన పోయిన సంగతి నాకు అలా తెలిసింది. నాకు కలిగినవి వరుసగా చెప్పాలంటే మొదట ఆశ్చర్యం, తర్వాత నాలుక మీద ఏదో జిగురు తగిలినట్టు వికారం. మూడోది ఏదైనా వస్తుందేమోనని కాసేపు ఆగాను. రాలేదు. పోయినవాళ్ల గురించి నాలుగు మంచి మాటలు చెప్పడం మర్యాద. ఇల్లు చేరేదాకా వెతికితే ఒకటి దొరికింది. అది దాని చోట చెబుతాను.

నేను ఎలక్ట్రానిక్స్‌లో ఇంజనీరింగ్ చదివాను. తగిన ఉద్యోగం దొరికేదాకా అని గుంటూరులో ఒక ఫోటో స్టూడియోలో చేరి అక్కడే ఉండిపోయాను. ఆరుబయట తీసే ఫోటోలకి ప్లాను వేయడం, వెళ్లి తీయడం నా పని. ఏ చోటు, ఎండ ఎటు నుంచి పడుతుంది, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఏ బట్టలు, ఏ లెన్సు, ఏది చెడితే ఏం చేయాలి, ఇవన్నీ కాగితం మీద పెట్టనిదే బయలుదేరను. మాస్టారు మా స్టూడియోకి వచ్చిన రోజు కూడా నా ముందు అలాంటి కాగితమే ఉంది.

క్లారినెట్ మూతికి బిగించే పలుచటి రెల్లు ముక్కని రీడ్ అంటారు. అది తడిగా ఉంటేనే పలుకుతుంది కాబట్టి వాయించే ముందు నోట్లో పెట్టుకుని తడుపుతారు. అందులో వింత లేదు. కానీ ఆయన వాయించనప్పుడు కూడా అది నోట్లోనే ఉండేది. ఈ దవడ నుంచి ఆ దవడకి తోసుకుంటూ దాని పక్కనుంచి మాట్లాడేవాడు. గట్టిగా చెప్పాల్సిన మాట వస్తే బయటికి తీసి, దాంతోనే మనవైపు చూపించి, మళ్లీ లోపల వేసుకునేవాడు. ఫోన్ వస్తే రీడ్ పెట్టడానికి చోటు వెతికేవాడు. మొదటిసారి ఆ చోటు నా కాగితం. 'ఉదయపు వెలుతురు' అని రాసుకున్న మాట అలుక్కుపోయి, దాని మీద రీడ్ ఆకారంలో తడి అచ్చు మిగిలింది. రెండోసారి ఆ చోటు నా అరచెయ్యి.

"పట్టుకో అబ్బాయ్, ఒక్క నిమిషం."

ఆయన ఫోన్ మాట్లాడినంతసేపూ నేను చెయ్యి చాపుకుని నిలబడ్డాను. అది వెచ్చగా ఉంది. ఈ వాక్యం రాస్తుంటే కూడా చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాను.

ఆయనకి ఇంకో అలవాటు ఉండేది. వయసులో ఉన్నప్పుడు మిర్చి కొనేవాళ్ల దగ్గర సరుకు చూసే పని చేశాడట. ఆ చూపు పోలేదు. కొత్త మనిషి ఎదురైతే గడ్డం కింద వేలు పెట్టి ముఖాన్ని వెలుతురు వైపు తిప్పి చూసేవాడు. చూశాక వచ్చేది రెండు మాటల్లో ఒకటి. 'సరుకు', లేకపోతే 'తాలు'. మిరపకాయ ఎండేటప్పుడు ఎర్రదనం చచ్చి తెల్లమచ్చలు పడితే దాన్ని తాలు అంటారు. ఏరి పక్కన పోస్తారు. మా స్టూడియోలో ఫోన్లు ఎత్తే అమ్మాయి గడ్డం కింద కూడా వేలు పెట్టబోయాడు. ఆమె చేతిలో స్టేప్లర్ ఉంది. నోరు తెరిచిన ఆ స్టేప్లర్‌ని చూసి ఆయన వేలు వెనక్కి తీసుకున్నాడు.

"పౌరుషం ఉంది. సరుకే," అన్నాడు.

ఆయనకి కావలసింది తన బ్యాండుకి కొత్త ఫోటో. ఫ్లెక్సీకి, కార్డుకి, బ్యాండుని పిలిచే పార్టీవాళ్లకి ఫోన్లో పంపడానికి. "థీమ్ ఉండాలయ్యా. ఇంకా ఎర్రకోట్లు, బంగారు తాళ్లు అంటే ఎవడు పిలుస్తాడు? పెళ్లోళ్లు చెవులతో బుక్ చెయ్యరు. కళ్లతో చేస్తారు." ఈ ఆఖరి రెండు వాక్యాలూ ఆయన నోట నేను విన్నన్నిసార్లు ఇంకే మాటా వినలేదు.

నాలుగు థీములు రాసి చూపించాను. నల్లపాడు స్టేషన్లో రైలు దిగుతున్న బ్యాండు. వినుకొండ కొండ మెట్ల మీద బ్యాండు. జిన్నింగు మిల్లులో పత్తి గుట్టల మీద ఎర్రకోట్లు. మిరప కల్లంలో తెల్లబట్టలు. నాకు నచ్చింది పత్తి.

"పత్తి మీద నిలబెడితే మనోళ్లు బొగ్గుముక్కల్లా కనపడతారు. మిరపే," అన్నాడు.

"దానికొక ఇబ్బంది ఉందండి. కింద రాశాను చూడండి. ఘాటు. ఊదేవాళ్లు గుండెల నిండా గాలి పీల్చాలి. కల్లంలో అట్లా పీలిస్తే దగ్గొస్తుంది."

"ఊదమన్నదెవరు? పట్టుకుంటే చాలు."

చెప్పేసి, అంతలోనే ఏమనిపించిందో, పెట్టె తెరిచి క్లారినెట్ తీశాడు. నోట్లోంచి రీడ్ తీసి బిగించాడు. ఆడపిల్లని అత్తారింటికి పంపేటప్పుడు వాయించే పాటొకటి మొదలుపెట్టాడు. స్టేప్లర్ అమ్మాయి మోగుతున్న ఫోన్ ఎత్తలేదు. లోపల గదిలో వీడియోలు కత్తిరించే కుర్రాడు చెవుల మీది హెడ్‌ఫోన్స్ తీసి గుమ్మంలోకి వచ్చాడు. నాకు సంగీతం తెలియదు. కానీ ఆ గదిలో ఏసీ చప్పుడు ఎక్కువగా ఉందని మొదటిసారి చిరాకు పడ్డాను. పల్లవి రెండోసారి అందుకోబోయే చోట ఆయన టక్కున ఆపేశాడు.

"ఇదెవడిక్కావాలి?" అని రీడ్ విప్పి దవడలో వేసుకున్నాడు.

దొరికిన ఒక్క మంచి మాటా ఇదే. ఆయనకి వాయించడం రాదని చెప్పగలిగితే ఇది రాయడం నాకు సులువయ్యేది.

అప్పుడే అద్దంకిలో ఉన్న ఖాసింకి ఫోన్ చేశాడు. ఖాసిం ఆ బ్యాండులో ట్రంపెట్. చిన్నప్పటి నుంచీ మాస్టారి వెంట ఉన్నాడు. ఏ పాట ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఆపాలో మిగతావాళ్లకి నేర్పింది అతనేనని తర్వాత తెలిసింది.

"ఒరే ఖాసిం. ఆదివారం పొద్దున్నే థీమ్ ఫోటో. వినుకొండ అవతల కల్లం. వాయిద్యాలన్నీ తోమించి పట్టుకురా."

రీడ్ పళ్ల మధ్య ఉంది. ఆ పక్కనుంచి వచ్చిన 'థీమ్' నాకే 'టీమ్' అని వినపడింది. అద్దంకిలో ఇంకెలా వినపడుతుంది?

ఆదివారం పొద్దున కల్లంలో మాకు కావలసింది మాస్టారుతో కలిపి ఏడుగురు. తెల్లబట్టలు ఏడు జతలే కుట్టించారు. ట్రాక్టర్ ట్రాలీలోంచి పదమూడు మంది దిగారు. అందరూ ఎర్రకోట్లలో ఉన్నారు. ఇస్త్రీ మడతలు చెదరలేదు. గుండీలు చింతపండుతో తోమినట్టున్నాయి. డ్రమ్ము వాయించడం మానేసి చాలా కాలమైన ఒక పెద్దాయన పొట్ట దగ్గర కలవని కోటుని చేత్తో దగ్గరికి పట్టుకుని దిగాడు. చివర్న ఖాసిం దిగాడు. మనిషి పొడుగు, గట్టివాడు. నోటి చుట్టూ, కళ్ల కింద బొల్లి మచ్చలు. మీసానికి నల్లరంగు వేసుకొచ్చాడు.

"ఏందిరా ఇది, తిరణాలా?" అన్నాడు మాస్టారు.

"టీమ్ ఫోటో అన్నావుగా అన్నా. టీమంతా వచ్చింది. సన్నాయి తాత కూడా బయల్దేరాడు గానీ, నడుం పట్టేసింది."

"థీమురా! థీము!"

"నేననేదీ అదేగా. టీము."

ట్రాలీ చుట్టూ అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మాస్టారు నవ్వలేదు. అప్పటికే రోడ్డు మీద ఒక తెల్లకారు వచ్చి ఆగింది. అందులోంచి ఆరుగురు కుర్రాళ్లు దిగారు. వినుకొండలో ఏదో జిమ్ముకి వెళ్లే పిల్లలు. పొడుగు, రంగు, కండలు, కొత్తగా కత్తిరించుకున్న గడ్డాలు. తెల్లబట్టలు వాళ్ల కొలతలకే కుట్టారని అవి తొడుక్కున్నాక అర్థమైంది.

మాస్టారు ఎర్రకోట్ల వరుస ముందుకి వెళ్లాడు. ఒక్కొక్కరి గడ్డం కిందా వేలు పెట్టి తూర్పు వైపు తిప్పాడు.

"తాలు. పక్కకి. తాలు. నువ్వూ తాలే, పక్కకి."

పెద్దాయన దగ్గరికి వచ్చేసరికి ఆయన తనే కోటు వదిలేసి పక్కకి జరిగాడు. ఖాసిం గడ్డాన్ని మాస్టారు ముట్టుకోలేదు. "నీకు వేరే చెప్పాలా?" అన్నాడు.

కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్లు తమ మాట ఎవరో వాడుతున్నారని తలెత్తి చూశారు. అందులో ఒకామె లేచి నిలబడింది.

"ఏందయ్యా, మా పని నువ్వు చేస్తన్నావు? మనుషుల్ని పట్టుకుని తాలంటావేంది?"

"నీ పని నువ్వు చూసుకోమ్మా."

"చూస్తానే ఉన్నా. నీ జుట్టుకేసిన రంగు కడిగితే ముందు నిన్నే ఏరాలి."

ఈసారి ఎర్రకోట్లు నవ్వలేదు. జిమ్ము కుర్రాళ్లు నవ్వారు.

ఖాసిం నా దగ్గరికి వచ్చాడు. నేను లెన్సు తుడుస్తున్నాను. నోటి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఎవరికీ వినపడకుండా మాట్లాడాడు.

"బాబూ, మీరన్నా ఒక మాట చెప్పండి. ఇప్పుడు పార్టీవాళ్లు ఫోన్లో ఫోటో చూసి, ఇందులో ఉన్నోళ్లే రావాలంటన్నారు. ఇందులో లేకపోతే ఈ సీజనుకి నేను లేనట్టే. పాట ఎవడూ అడగట్లా. ఒక మూలన పెట్టండి చాలు. ముఖం బాగాలేదంటే ట్రంపెట్ ఎత్తి పట్టుకుంటా, మచ్చలు కనపడవు."

ప్లానులో వెనక వరుస ఎడమ చివర ఖాళీ ఉంది. అక్కడ ఎర్రకోటు నిలబడితే తెలుపు వరుసకి అంచులా బాగుంటుందని మాస్టారికి చెప్పాను. అబద్ధం కాదు, బాగుంటుంది.

"వెలుతురు చూడవయ్యా నువ్వు. మనుషుల్ని నేను చూసుకుంటా," అన్నాడు.

ఎర్రకోట్ల చేతుల్లోంచి వాయిద్యాలు తీసి తెల్లబట్టల చేతుల్లో పెట్టారు. ఖాసిం ట్రంపెట్ అందుకున్న కుర్రాడు దాన్ని మైకులా నిటారుగా పట్టుకున్నాడు.

"అది మైకు కాదు నాయనా," అని ఖాసిం వెళ్లి సరిచేశాడు. "ఈ చెయ్యి కింద. ఈ మూడు వేళ్లూ మీటల మీద."

"ఇది నొక్కితే ఏమొస్తది అంకుల్?"

"ఊదకపోతే ఏం రాదు. నీకా భయం లేదులే."

గాలి లేచింది. అనుకున్నట్టే మొదట ఒక కుర్రాడు తుమ్మాడు. తర్వాత అందరూ తుమ్మారు. మాస్టారు వాళ్లని తిట్టడానికి నోరు తెరిచాడు. రీడ్ జారి కాయల మీద పడింది. ఆయన వంగి, తీసి, కాయల దుమ్ము తొడకి రాసి, మళ్లీ నోట్లో పెట్టుకున్నాడు. నేను ఆపబోయాను. మాట నా నోట్లోంచి వచ్చేలోపు అది ఆయన నోట్లో ఉంది.

ముందు కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత నోరు తెరుచుకుంది. నాలుక బయటపెట్టి గాలికి చూపించాడు. గడ్డం మీదుగా చొంగ కారి తెల్లకోటు మీద పడింది. ముక్కు కారుతుంటే చేతిగుడ్డ వెతికి, దొరక్క, పక్కనున్న కుర్రాడి తెల్లచొక్కా అంచుకి తుడిచాడు. ఆ కుర్రాడు "ఛీ" అన్నాడు. ఆ రోజు నేను అనాలనుకున్న మాట అదొక్కటే, అతను అనేశాడు. ఖాసిం ఆడవాళ్ల సద్దిమూటలోంచి బెల్లం ముక్క అడిగి తెచ్చి మాస్టారి నోట్లో పెట్టాడు. మాస్టారు దాన్ని చప్పరించి, ఉమ్మేసి, "ఇంకోటుందా?" అన్నాడు. తెచ్చినవాడి ముఖం చూడలేదు.

పెదాలు రెండూ వాచి కాస్త పైకి తిరిగాయి. ఫోటోలో అది చిరునవ్వులా పడింది. ఆ ఫ్లెక్సీ చూసిన వాళ్లంతా మాస్టారు ఎంత కళగా నవ్వుతున్నాడో అన్నారు. ఆయన నవ్వడం నేను ఎన్నడూ చూడలేదు.

ఆయన కళ్లు తుడుచుకుంటున్నప్పుడు ఎడమ చివర ఖాళీలోకి రమ్మని ఖాసింకి సైగ చేశాను. పక్కనున్న కుర్రాడు తనకిచ్చిన ట్రంపెట్ అందించాడు. ఖాసిం దాన్ని ఎత్తి పట్టుకున్నాడు. తీశాను. ఎరుపు మీద తెలుపు, చివర్న ఒక ఎర్రకోటు, ఎండకి మెరుస్తున్న ఇత్తడి. నేను తీసిన వాటిలో అది మంచి ఫోటో. మాస్టారు వచ్చి కెమెరా తెర మీదికి వంగాడు. నోట్లోంచి వేలు తీసి, ఆ వేలు సరిగ్గా ఖాసిం ముఖం మీద ఆనించాడు.

"దీన్ని తీసెయ్," అన్నాడు.

వీణ్ణి అనలేదు. దీన్ని అన్నాడు. వేలు తీశాక తెర మీద ఖాసిం ముఖం ఉండాల్సిన చోట ఉమ్మి మరక ఉంది. తుడిచాను. మళ్లీ తుడిచాను. నా బ్యాగులో లెన్సు తుడిచే గుడ్డలు రెండే ఉన్నాయి. రెండోదాన్ని అక్కడే పారేశాను.

ఫ్లెక్సీ మీదికి ఖాసిం లేని ఫోటో వెళ్లింది. బ్యాండుకి బుకింగులు బాగానే వచ్చాయని చెప్పుకున్నారు. అవి ఎలా నడుస్తున్నాయో నాకు తెలిసింది అద్దంకి దగ్గర ఒక పల్లెలో, ఒక అమ్మాయి ఓణీల ఫంక్షన్‌కి ఫోటోలు తీయడానికి వెళ్లినప్పుడు. అమ్మాయి తండ్రి మిర్చి వ్యాపారి. పొద్దున పది గంటలప్పుడు షామియానా ముందు నిలబడి, ఫోన్లో ఫోటో పెట్టుకుని, కారు దిగుతున్న కుర్రాళ్లని ఒక్కొక్కరినే సరిచూసుకుంటున్నాడు.

"ఈ గడ్డమాయన వచ్చాడు. ఈ పొడుగాయన... వచ్చాడు. సరే మాస్టారూ, అందరూ వచ్చారు. కానీండి."

ఆరుగురు తెల్లబట్టల్లో ముందు నిలబడ్డారు. మాస్టారు మధ్యలో. వాళ్ల వెనక జనరేటర్ వ్యాను. దాని వెనక భాగానికి నీలిరంగు పట్టా కట్టి ఉంది. వైర్ల కోసం నేను అటు వెళితే పట్టా సందులోంచి ఎవరో "బాబూ" అని పిలిచారు. ఖాసిం. జనరేటర్‌కి ఆనుకుని కూర్చున్నాడు. అతని వెనక చీకట్లో ఇంకా మనుషులున్నారు. సెగ ముఖానికి కొట్టింది.

"ఇదేంటి ఖాసిం గారూ?"

"ఏసీ బోగీ బాబూ. ఫోటోలో లేనోళ్లకి ఇందులోనే రిజర్వేషను."

డ్రమ్ము మోగింది. ట్రంపెట్ అందుకుంది. ముందు నిలబడ్డ కుర్రాళ్లు బుగ్గలు ఉబ్బించి, వేళ్లు ఆడించారు. మాస్టారు కళ్లు మూసుకుని, తల ఊపుతూ క్లారినెట్ పట్టుకున్నాడు. నేను దగ్గరికి వెళ్లి ఫోటో తీశాను కాబట్టి చెప్పగలను. ఆ క్లారినెట్‌కి రీడ్ లేదు. అది ఆయన దవడలో ఉంది.

అంతా సాఫీగానే నడిచేది. ఓణీ అమ్మాయి స్నేహితురాళ్లు నలుగురు వచ్చి ట్రంపెట్ కుర్రాణ్ణి సెల్ఫీ అడిగారు. అతను ట్రంపెట్‌ని చంకలో పెట్టుకుని, జుట్టు సవరించుకుని, వాళ్ల ఫోన్‌లోకి నవ్వాడు. ట్రంపెట్ మోగుతూనే ఉంది.

ముందు పిల్లలు నవ్వారు. తర్వాత వంటవాళ్లు. అమ్మాయి తండ్రి గరిట పట్టుకున్న వంటమనిషిని పక్కకి నెట్టుకుని వచ్చాడు.

"ఏంది మాస్టారూ? బూర చంకలో పెట్టాడు, పాట మాత్రం వస్తంది?"

మాస్టారు కళ్లు తెరిచాడు. నిజం చెప్పడానికి అదొక అవకాశం. చెప్పినా పెద్దగా ఏమీ అయ్యేది కాదు. నవ్వి ఊరుకునేవాళ్లు. ఆయన రీడ్‌ని ఈ దవడ నుంచి ఆ దవడకి తోశాడు.

"ట్రాకండి. ఇప్పుడంతా ట్రాకే. పెద్ద పెద్ద ఫంక్షన్లలో కూడా ఇదే వాడతన్నారు. తప్పు రాదు, అలుపు రాదు. మీరు ఏ పాటంటే ఆ పాట."

"అట్టనా? అయితే మార్చు చూద్దాం. వినాయకుడి పాట పెట్టు."

మాస్టారు నడుచుకుంటూ వెళ్లి వ్యాను రేకు మీద అరచేత్తో తట్టాడు. "వినాయకుడి పాట," అన్నాడు, మీట నొక్కేవాడిలా. లోపల పాట మధ్యలో తెగింది. ఒక్క ఊపిరి తర్వాత వినాయకుడి పాట మొదలైంది.

"అబ్బో, ఏం సౌండయ్యా! నిజం బూరలాగే ఉంది."

ఆ తర్వాత అదొక ఆట అయిపోయింది. ఎవరు పడితే వాళ్లు వచ్చి పాట అడగడం, మాస్టారు రేకు మీద తట్టడం, లోపల పాట తెగి ఇంకోటి మొదలవడం. ఒక పిల్లవాడు ఊరికే ఆపించి మళ్లీ పెట్టించాడు. మాస్టారు అదీ చేశాడు. ఎండ వ్యాను నెత్తికెక్కింది. నేను ఇంజనీరింగ్ చదివాను కాబట్టి లోపలి వేడి ఎంతో అంచనా వేయగలను. నేను చదవకపోయినా వేయవచ్చు. పట్టా కింది నుంచి చెమట చుక్కలు బంపర్ మీద పడుతున్నాయి.

అమ్మాయిని పీట మీద కూర్చోబెట్టి అక్షింతలు వేసే సమయానికి అమ్మాయి నాయనమ్మ ఒక పాత పాట అడిగింది. ఖాసిం అది మొదలుపెట్టాడు. అప్పటిదాకా అడిగినవాళ్లు మాట్లాడుకుంటూ విన్నారు. ఈసారి మాట్లాడలేదు. నాయనమ్మ చేతిలో అక్షింతలు అలాగే ఉండిపోయాయి. పల్లవి అయి మొదటి చరణంలోకి వెళ్లిందో లేదో అమ్మాయి తండ్రి అన్నాడు, "చాల్లే మాస్టారూ, ఇప్పుడు ఊపున్నదేదన్నా పెట్టు."

మాస్టారు రేకు తట్టాడు. పాట ఆగలేదు. మళ్లీ తట్టాడు. ఆగలేదు. ఈసారి పిడికిలితో కొట్టాడు.

"ఏంది, ట్రాక్ ఆగట్లేదా?"

"పట్టేసిందండి. ఎండకి అప్పుడప్పుడూ పట్టేస్తది," అని మాస్టారు రెండు చేతులతో రేకు బాదాడు.

చరణం చివర ట్రంపెట్ ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఆ సందులో వ్యాను లోపలి నుంచి గట్టిగా ఒక గొంతు వినపడింది.

"ఉండన్నా! ఇంకో చరణం ఉంది!"

వెంటనే రెండో చరణం మొదలైంది.

"ట్రాక్ మాట్టాడతందిరోయ్!" అని ఎవరో అరిచారు. షామియానా అంతా ఒక్కసారి గొల్లుమంది. నాయనమ్మ మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి అందరినీ ఊరుకోమంది. పాట అయిపోయేదాకా ఎవరినీ కదలనివ్వలేదు. అయిపోయాక కొడుకుతో అంది: "ఆ పట్టా పీకరా. లోపల మనుషులు ఉడికిపోతన్నారు."

పట్టా పీకారు. ఎర్రకోట్లు కూడా లేవు, బనియన్ల మీద ఉన్నారు. ఏడుగురు ఒక్కొక్కరే దిగి, ఎండకి కళ్లు చికిలించుకుంటూ వరుసగా నిలబడ్డారు. ఖాసిం ముఖం చెమటకి కడుక్కున్నట్టుంది. మీసం రంగు మచ్చల మీదికి కారింది. పెదాల మీద ట్రంపెట్ మూతి గుర్తు గుండ్రంగా పడి ఉంది.

అమ్మాయి తండ్రి ఫోన్లో ఫోటో చూశాడు, వాళ్లని చూశాడు.

"ఇందులో మీరు ఒక్కరూ లేరేందయ్యా?"

"లేమండి," అన్నాడు ఖాసిం. "ఏరేశారు."

ఆయన ఇంకేదో అడగబోయి మాస్టారి వైపు చూసి మానుకున్నాడు. నన్ను పిలిచాడు. "ఏయ్ కెమెరా అబ్బాయ్, వీళ్లని ఒకటి తియ్యి. రేపు మనోళ్లెవరన్నా ఫంక్షనుంది, బ్యాండెవరూ అంటే ఇది చూపిస్తా. మంచినీళ్లు తాగాక తియ్యమంటారా?" అని ఖాసింని అడిగాడు.

"ఇట్టాగే తియ్యమనండి," అన్నాడు ఖాసిం. ట్రంపెట్ ఎత్తలేదు. కిందికి దించి పట్టుకుని, ముఖం కెమెరాకి పెట్టాడు.

ప్లాను లేకుండా నేను తీసిన ఫోటోలు తక్కువ. నడినెత్తిన ఎండ, కళ్ల కింద నీడలు, వెనక జనరేటర్. ఏదీ ఉండాల్సినట్టు లేదు. కెమెరా ఎత్తి వేలు మీట మీద పెట్టాను. అప్పుడు ఎడమ నుంచి ఫ్రేములోకి తెల్లగా ఏదో దూసుకొచ్చింది. మాస్టారు. మోచేత్తో ఖాసింని అరడుగు వెనక్కి నెట్టి మధ్యలో నిలబడ్డాడు. ఛాతీ ముందుకి పెట్టాడు. క్లారినెట్ అడ్డంగా పట్టుకున్నాడు. దవడ బిగించాడు.

"ఇప్పుడు తియ్యి," అన్నాడు.

ఒక్కటే తీశాను. అందులో ఉన్నవాళ్లు మాస్టారుతో కలిపి ఎనిమిది మంది.